గంజి పెట్టిన పిల్లి

మా ఇంటి పిల్లిని నేను తెచ్చుకోలేదు. ఈ మాట మొదలే చెప్పేస్తే నాకు కాస్త మర్యాద మిగులుతుంది. కరీంనగర్‌లో మా పై వాటాలో కిరాయికున్న బ్యాంకు ఆఫీసరు బదిలీ మీద పోతూ, "రెండు నెలలు చూస్తుండండి మేడం, అక్కడ ఇల్లు దొరకగానే వచ్చి తీసుకుపోతా" అని దాన్ని నా చేతుల్లో పెట్టి వెళ్లాడు. ఆ రెండు నెలలు గడిచి ఇప్పటికి తొమ్మిదేళ్లు. పాపం, ఆయనకింకా ఇల్లు దొరికినట్టు లేదు. మొదటి ఏడు పిల్లి పుట్టినరోజుకు ఫోన్ చేసి దాని చెవి దగ్గర పెట్టమన్నాడు. రెండో ఏడు మెసేజ్ పంపాడు. మూడో ఏటికి నంబరే మారిపోయింది.

అది మామూలు పిల్లి కూడా కాదు. పర్షియా జాతిదట. తెల్లగా, జానెడు బొచ్చుతో, పరుగెత్తుకొచ్చి గోడకు గుద్దుకున్నట్టు చదునైన ముఖంతో ఉంటుంది. ఎలుక ఎదురైతే దారి ఇస్తుంది. ఇంటికి వచ్చినవాళ్లు దాన్ని చాలాసేపు చూసి, "దీనికి ఏమన్న రోగమా?" అని అడిగేవాళ్లు. నేను సర్కారు బడిలో తెలుగు చెబుతాను. సామెతల పాఠం వచ్చినప్పుడల్లా నాకొక సంగతి తడుతుంది. మన భాషలో పిల్లిని మెచ్చుకున్న సామెత ఒక్కటీ గుర్తుకు రాదు. పాలు తాగితే దొంగ, శపిస్తే ఉట్టి తెగదు, చంకలో పెట్టుకుని బయల్దేరితే అపశకునం. మా పిల్లి వాటిలో దేనికీ పనికిరాదు. ఉట్టి దాకా ఎగరలేదు, శపించే ఓపికా లేదు.

దానికి ఉన్నదల్లా బొచ్చు. అది పప్పులో వచ్చేది, పెరుగులో వచ్చేది, మా ఆయన ఇస్త్రీ చొక్కాల మీద వచ్చేది. ఒకసారి జవాబు పత్రాలు ఇంట్లో దిద్ది క్లాసులో పంచితే, పిల్లలు మార్కులు చూసుకోవడం మానేసి వెంట్రుకలు ఏరుకున్నారు. అందుకే రోజూ దువ్వేదాన్ని. అంటే, అది ఒప్పుకున్న మేరకు. వీపు, మెడ, తోక. పొట్ట వైపు దువ్వెన పోయిందంటే నా చేతి మీద దిద్దిన పేపరులా ఎర్రగీతలు పడేవి. పైకి కనిపించేది బాగుంటే చాలులే అని నేనూ ఊరుకున్నాను. పైన పటారం, లోన లొటారం అని నేనే బోర్డు మీద రాయించిన మాట, మా ఇంట్లోనే నాలుగు కాళ్ల మీద తిరుగుతోందని తెలియలేదు.

పోయిన వానాకాలంలో పిల్లికి ఒక్కసారిగా ముసలితనం వచ్చింది. ఒళ్లు నాక్కోవడం మానేసింది. ముందుకాళ్లు ఎడంగా పెట్టి కుంటుతూ నడవడం మొదలుపెట్టింది. ఎత్తుకుని చూస్తే చంకలో రాయిలాంటి గడ్డ చేతికి తగిలింది. ఆ శుక్రవారం బడికి సెలవు పెట్టి పశువుల ఆసుపత్రికి పరుగెత్తాను. అక్కడి డాక్టరమ్మ నొక్కి చూసి, "గడ్డ కాదు మేడం, బొచ్చే. చిక్కు పడి పడి ఇట్లా గట్టిపడింది" అంది. పొట్టంతా అదేనట. ఒక చంక నుంచి రెండో చంక దాకా గొంగడిలా ఒకటే పట్టు. అది రోజురోజుకూ బిగిసి చర్మాన్ని లాగుతోంది, ఇంకొన్నాళ్లయితే పుండు పడి పురుగు పడుతుందని చెప్పింది.

"మెషిన్‌తో గొరిగెయ్యాలి. మెలకువగా ఉంటే గొరగనివ్వదు, మత్తు సూది ఇవ్వాలి. దీనికి పన్నెండేళ్లు దాటాయి కదా, ఈ వయసులో మత్తు నుంచి లేవకపోవడం కూడా అప్పుడప్పుడు జరుగుతుంది. మీరు కాగితం మీద సంతకం పెట్టాలి. సోమవారం తీసుకురండి. ఈలోగా ఇంట్లో చేతులతో మొత్తం విప్పగలిగితే సూది అక్కర్లేదు. కత్తెర మాత్రం పెట్టకండి, చర్మం తెగుతుంది."

ఆ రాత్రి అన్నాల దగ్గర ఈ సంగతి బాపుకు, అంటే మా నాన్నకు, చెప్పాల్సి వచ్చింది. మా బాపు సిరిసిల్లలో నలభై ఏళ్లు సాంచాలు నడిపాడు. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. వాటి చప్పుడుకు ఆయన చెవులు ఎప్పుడో పోయాయి. ఆయనకు ఏదైనా చెప్పడమంటే వీధికంతా చెప్పడమే.

"ఏమన్నది డాక్టరమ్మ?"

"బొచ్చు గొరగాలె అన్నది బాపు."

"ఆఁ?"

"గొరగాలె. మత్తు సూది ఇచ్చి."

"ఏం సూది?"

"మత్తు సూది," అని మూడోసారి అరిచాను. ఎదురింటివాళ్లు కిటికీ తీశారు. బాపు చేతిలో ముద్దను కంచంలో పెట్టేసి, చెయ్యి కడుక్కున్నాడు.

ఆరేళ్ల కిందట అవ్వకు, మా అమ్మకు, పిత్తాశయంలో రాళ్లున్నాయని ఆపరేషన్ చేశారు. చిన్న ఆపరేషన్, సాయంత్రానికి లేచి కూర్చుంటుందన్నారు. మత్తు ఇచ్చారు. అవ్వ లేవలేదు. నేను ఆ రోజు పరీక్షల డ్యూటీలో ఉన్నాను, కాగితం మీద సంతకం పెట్టింది బాపే. ఆ తర్వాత ఆయన్ను కరీంనగర్ తీసుకొచ్చేశాం. అప్పటి నుంచి అవ్వ మాట ఆయన నోట రాలేదు. మేం ఎత్తినా విననట్టే ఉండేవాడు. చెవులు వినబడని మనిషి కాబట్టి నిజంగా వినలేదో, విననట్టు ఉన్నాడో మాకు ఎన్నడూ తేలలేదు.

పిల్లి అంటే ఆయనకు ప్రేమ ఉందని కూడా చెప్పలేను. "గిదేం పిల్లి, గొర్రె లెక్కున్నది" అని మొదటిరోజే తేల్చేశాడు. ఆరేళ్లుగా ఇద్దరూ ఒకే దివాన్ మీద, చెరో కొసకు, బస్సులో పక్కపక్క సీట్లు దొరికిన పరాయివాళ్లలా కూర్చునేవాళ్లు. అలాంటిది ఆ రాత్రి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి దాని పక్కన కూర్చుని, పొట్ట కింద చెయ్యి పెట్టి తడిమాడు.

"సోమవారం దాక ఎన్ని దినాలున్నయి?"

"శనివారం, ఐతారం. రెండు."

"నేను ఇప్పుత."

"ఏంది ఇప్పేది?"

"చిక్కు. పోగు అసొంటిదే గద. నలభై ఏండ్లు గదే పని జేసిన. సూది వద్దు, గీది వద్దు. డాక్టరమ్మకు ఫోన్ జేసి చెప్పు."

మా ఆయన అప్పటికే తన గడ్డం ట్రిమ్మర్ తెచ్చి, ఫోన్‌లో ఏదో దేశం ఆవిడ పిల్లిని గొరిగే వీడియో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ వీడియోలో పిల్లి నిద్రపోతోంది. మా పిల్లి ట్రిమ్మర్ చప్పుడు వినగానే బీరువా ఎక్కింది. ఎలాగో దింపి చంకలో పెడితే, ట్రిమ్మర్ రెండు అంగుళాలు పోయి బొచ్చులో ఇరుక్కుని ఆగిపోయింది. పిల్లి చంకలో ట్రిమ్మర్‌ను వేలాడేసుకుని ఇల్లంతా తిరిగింది. దాన్ని ఊడదీయడానికి గంట పట్టింది. మా ఆయన ఆ వారమంతా గడ్డంతోనే ఆఫీసుకు పోయాడు.

శనివారం పొద్దున భైంసా బస్సు దిగి మా మామ, మా ఆయన తండ్రి, వచ్చాడు. ఆయన ఏటా ఒకసారి ధర్మపురికి పోయి, గోదావరిలో మునిగి, నరసింహస్వామి దర్శనం చేసుకుంటాడు. ముందు మా ఇంట్లో ఒక రాత్రి ఆగుతాడు. మామ భైంసా మార్కెట్ యార్డులో ఒక ఖరీదుదారు దగ్గర పత్తి చూసే పని చేసేవాడు. రైతు బండి రాగానే కుప్పలో మోచేతి దాకా చెయ్యి దూర్చి, దూది తీసి, తేమ ఎంతో, పింజ ఎంత పొడుగో చెప్పడమే ఆయన ఉద్యోగం. ఆయన నోటి మాటతోనే రైతుల ముఖాలు వెలిగేవి, ఎక్కువసార్లు మాడేవి.

వియ్యానికైనా కయ్యానికైనా సమ ఉజ్జీ కావాలంటారు. బాపూ మామా అందుకు సరిపోయినవాళ్లు. ఇద్దరూ ఒకరినొకరు "బావా, బావా" అంటూ "కూసోండ్రి, తినుండ్రి" అని మర్యాదలు చేసుకుంటూనే, తన పని గొప్పదంటే తన పని గొప్పదని ఇరవై ఏళ్లుగా పోట్లాడుకుంటున్నారు. పత్తి లేకపోతే బట్ట ఎక్కడిదని మామ. నేసేవాడు లేకపోతే పత్తి దిండులోకే పనికొస్తుందని బాపు.

మామ కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చేసరికి బాపు నేల మీద బాసింపట్టు వేసుకుని, ఒళ్లో పిల్లిని వెల్లకిలా వేసుకుని కూర్చున్నాడు. సంగతంతా విన్నాక మామ చొక్కా చేతులు పైకి మడిచి, పిల్లి పొట్ట బొచ్చులోకి చెయ్యి దూర్చాడు. చిన్న పింజ లాగి, రెండు చేతుల బొటనవేళ్ల మధ్య సాగదీసి, వెలుతురుకు పట్టి చూశాడు.

"పింజ మస్తు పొడుగున్నది బావ. గిసొంటి పింజ మా భైంసాల నేను సూడలే."

బాపు గర్వంగా తల ఊపాడు, ఆ బొచ్చు తానే పండించినట్టు.

"గని తేమ ఎక్కువున్నది. ఎండవెట్టుకొని తీస్కరావాలె," అన్నాడు మామ.

జీవితమంతా రైతులకు చెప్పిన మాట. రైతులైతే ఏడ్చుకుంటూ బండి మళ్లించేవాళ్లు. పిల్లి ఆవులించింది.

"ఎండవెట్టుడు కాదు బావ, తడుపుడే ఉన్నది," అన్నాడు బాపు. "ఎండిన పోగు తెగుతది. గంజి తాగిన పోగు మాటింటది."

నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. కానీ బడికి టైమవుతోంది. శనివారం మాకు బడి ఉంటుంది. పిల్లి సంగతి ఇద్దరు పెద్దమనుషులు చూసుకుంటారు కదా అని గుండె మీద చెయ్యి వేసుకుని వెళ్లిపోయాను. పాఠం చెబుతూ కూడా ఆ సంతకం పెట్టే కాగితమే కళ్ల ముందు ఆడింది. ఈ ఇద్దరి చేతుల్లో ఆ చిక్కు విడిపోతే నేను ఆ కాగితం ముట్టుకోనక్కర్లేదు, బాపు దాన్ని చూడనక్కర్లేదు. అంతకంటే నాకు వేరే కోరిక లేదు.

మధ్యాహ్నం ఒంటిపూట సెలవు అడిగి త్వరగా వచ్చాను. వరండాలో జంపఖానా పరిచి ఉంది. దాని మీద పిల్లి. తల వైపు బాపు కూర్చుని దాని ముందుకాళ్లు ఒక చేత్తో పట్టుకున్నాడు. తోక వైపు మామ, పంచె తొడల పైకి ఎగ్గట్టి, వెనకకాళ్లు రెండు చేతులా పట్టుకున్నాడు. ఇద్దరి మధ్య పిల్లి నిలువునా సాగి ఉంది. పక్కన పాలగిన్నెలో చిక్కటి గంజి పొగలు కక్కుతోంది. బాపు రెండో చేతిలో మా తాత కుంచె.

ఆ కుంచె సంగతి చెప్పాలి. సాంచాలు రాకముందు, చేమగ్గాల కాలంలో, పడుగు నూలును తెల్లవారకముందే వీధి పొడుగునా సాగదీసి కట్టి, గంజి పట్టించి, అది ఎండేలోగా ఇద్దరు మనుషులు ఈ కొస నుంచి ఆ కొస దాకా పెద్ద కుంచెతో దువ్వేవాళ్లు. గంజితో పోగుకు బలం వస్తుంది, నూగు అణుగుతుంది, పోగులు ఒకదాన్నొకటి చుట్టుకోవు. బాపు చిన్నప్పుడు తాత వెంట ఆ పని చేశాడు. తాత పోయాక కుంచెను ట్రంకు పెట్టెలో దాచుకున్నాడు, అది మా అటక మీదికి చేరింది. అరవై ఏళ్ల తర్వాత దానికి మళ్లీ పని దొరికింది.

"ఏం జేస్తున్నరు బాపు?" అన్నాను.

"పడుగు సాపుతున్నం."

పిల్లి నా వైపు చూసింది. తొమ్మిదేళ్లలో అది నన్ను ఏదైనా అడిగిందంటే ఆ ఒక్క చూపే.

నిజానికి పని సవ్యంగానే నడుస్తోందట. గంజి పట్టింది, కుంచె ఆడుతోంది, పక్కల మీద చిక్కు వదులవుతోంది. అంతలో నేను వచ్చాను. కోడలు గుమ్మంలో నిలబడి ఉండగా మామ తొడల పైకి పంచె ఎగ్గట్టి కూర్చోవడమేమిటి? ఆయన ఠక్కున పిల్లి వెనకకాళ్లు వదిలేసి పంచె దించుకున్నాడు. మర్యాద నిలిచింది, పిల్లి లేచింది. గంజి గిన్నెను తన్ని, బాపు భుజం మీదుగా దూకి, మెట్లెక్కి, డాబా మీద నీళ్ల ట్యాంకు వెనక దూరింది. ఈ జన్మలో అది అంత వేగంగా కదలగలదని నేను అనుకోలేదు.

"ఎండకముందే కుంచె తియ్యాలె," అని బాపు మెట్ల కింద నుంచి అరుస్తున్నాడు. "ఎండితే కట్టె అయితది. దింపుండ్రి, జల్ది దింపుండ్రి."

మేము ముగ్గురం కాలు కాలిన పిల్లుల్లా డాబా మీద తిరిగాం. అసలు పిల్లి మాత్రం ట్యాంకు వెనక కదలకుండా కూర్చుంది. ఎండ పెళపెళలాడుతోంది. గంట తర్వాత తనంతట తనే బయటికి వచ్చేసరికి బాపు చెప్పినట్టే అయింది. మా పిల్లి నిలువునా ఎండిపోయింది. బొచ్చు ఎటు దువ్వితే అటే నిలబడింది. ఒక పక్క అణిగి, ఇంకో పక్క లేచి, తోక రోకలిలా నిటారుగా. నడుస్తుంటే గరగరమని చప్పుడు. గంజి పెట్టిన ఖద్దరు వేసుకుని ఓట్లు అడగడానికి బయల్దేరినట్టు ఒక్కో మెట్టూ దిగింది. ఎదురింటావిడ గోడ మీద నుంచి చూసి, "టీచరమ్మా, గిది మీ పిల్లేనా, కొత్తదా?" అని అడిగింది.

నాకు కోపం నషాళానికి అంటింది. "పిల్లిని పిల్లి లెక్క సూడరా మీరు? ఒకరికి పత్తి, ఒకరికి పడుగు," అని ఇద్దరినీ కడిగేశాను. వియ్యంకులిద్దరూ తల దించుకుని, హోంవర్కు చెయ్యని పిల్లల్లా నిలబడ్డారు. అప్పుడే పిల్లి నేల మీద చతికిలబడి, కాలు పైకెత్తి, నాక్కోవడం మొదలుపెట్టింది.

నెలల తరబడి నాలుక బయటపెట్టనిది. గంజి కాచింది పొద్దున పాలు కాగిన గిన్నెలో. అడుగున మీగడ ఉంది, ఎవరూ కడగలేదు. పిల్లికి తన ఒళ్లే పాయసం అయింది. సాయంత్రం దాకా నాకుతూనే ఉంది. ఆగుతుంది, కునుకు తీస్తుంది, లేచి మళ్లీ నాకుతుంది. ఆ నాకుడుకు పక్కల మీది చిక్కులు మెత్తబడి, వేలు పెడితే విడిపోయేటట్టు అయ్యాయి. బాపు మీగడ అంటిన ఆ గిన్నె తెచ్చి నా ముందు పెట్టి, పోయి కూర్చున్నాడు. అంతకంటే ఏమన్నా అని ఉంటేనే బాగుండేది.

ఐతారం పొద్దున మామ ధర్మపురి ప్రయాణం ఆపేశాడు. "సామి ఏడికి పోతడు, గాడనే ఉంటడు. గీ పని సగంల ఇడిస్తె బాగుండది," అన్నాడు. ఆ రోజంతా ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని పని చేశారు. గింజ నుంచి దూది ఏకినట్టు మామ చిక్కు కొస నుంచి కొంచెం కొంచెంగా వేళ్లతో ఏకేవాడు. విడిన చోట బాపు కుంచెతో సాపు చేసేవాడు. పత్తి గొప్పదా, నేత గొప్పదా అన్న మాటే రాలేదు. బాపు మాత్రం ఊళ్లో తాతతో గంజి పెట్టిన రోజుల గురించి గట్టిగట్టిగా చెబుతూ పోయాడు, వానొస్తే పడుగంతా ఎట్లా ఎత్తుకుని ఉరికేవాళ్లో, కుక్కలు కింద నుంచి దూరకుండా ఎట్లా కాపలా కాసేవాళ్లో. ఆరేళ్లలో ఆయన అంత మాట్లాడగా నేను వినలేదు. నేను టీలు ఇస్తూ, ఏకిన బొచ్చు పిల్లోకవరులో నింపుతూ తిరిగాను. మధ్యాహ్నానికి రెండు పక్కలూ శుభ్రమయ్యాయి. నాలుగింటికి పొట్ట మీద పైభాగం విడింది. డాక్టరమ్మకు ఫోన్ చేసి రానని చెప్పేద్దామని రెండుసార్లు ఫోన్ చేతిలోకి తీసుకున్నాను.

చంకల దగ్గర ఆగిపోయింది. అక్కడి చిక్కుకు కొస లేదు. బొచ్చుకూ చర్మానికీ మధ్య గోరు కూడా దూరదు. మామ కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ చూసి, "రాదు బావ. గిది దూది కాదు, రాయైంది," అని చేతులు తీసేశాడు. బాపు వినలేదు, వినిపించిందో లేదో. తడిపి లాగాడు. నూనె పెట్టి లాగాడు. పిల్లి మొదట గురగురమంది, తర్వాత సన్నగా ఏడవడం మొదలుపెట్టింది. ఆ ఏడుపు బాపుకు వినబడదు. బొచ్చు మొదట్లో ఎర్రటి చుక్క కనిపించింది.

"ఇగ చాలు బాపు."

"ఒక్కటే ఉన్నది. గిది ఇప్పితే అయిపోతది."

"దానికి నొప్పి లేస్తున్నది. ఏడుస్తున్నది. నీకు ఇనవడుతలేదు," అని ఆయన మణికట్టు పట్టుకుని ముఖం మీద అరిచాను.

బాపు వేళ్ల వైపు చూసుకున్నాడు. వాటికి రక్తం అంటింది. కుంచె పక్కన పెట్టి, పిల్లిని నెమ్మదిగా నా ఒళ్లోకి జరిపి, లేచి లోపలికి పోయాడు. ఆ సాయంత్రం ఆయన అన్నం తినలేదు. నా మాటకు నాకే సిగ్గేసింది. చెవులు వినబడవని ఆయన్ను ఎన్నడూ ఎత్తిపొడవలేదు అప్పటిదాకా.

సోమవారం తెల్లవారగానే మామ ధర్మపురి బయల్దేరుతూ, పిల్లి పేరు మీద అర్చన చేయిస్తానన్నాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. అర్చనకు గోత్రం కావాలి కదా. ఎవరి గోత్రం చెప్పాలన్నది ప్రశ్న. మా ఇంటికొచ్చి తొమ్మిదేళ్లు కాబట్టి తమ గోత్రమే అవుతుందని మామ. కిరాయిదారు వదిలేసి పోయినంత మాత్రాన గోత్రం ఎట్లా మారుతుంది, అసలు ఆ బ్యాంకు ఆఫీసరు గోత్రమేదో కనుక్కోవాలని మా ఆయన. బాపు దివాన్ మీద తన కొసన కూర్చుని గోడ చూస్తున్నాడు. చివరికి మామ, "సరే తియ్యి, నరసింహసామిది గూడ సగం సింహం మొఖమే గద. పెద్దపిల్లి చిన్నపిల్లిని గుర్తు వడతది," అని చెంపలేసుకుని బస్సెక్కాడు.

మూతున్న కూరగాయల బుట్టలో పిల్లిని పెట్టి ఆటో పిలిచాను. బాపు రానన్నాడు. సరేనని బయటికి వచ్చి చూస్తే ఆటోలో అప్పటికే కూర్చుని ఉన్నాడు, చెప్పులు కూడా లేకుండా.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చూసి ఆశ్చర్యపోయింది. "చాలా విప్పారే. ఇంత ఎవరూ చెయ్యరు. కానీ ఈ రెండు చంకలకూ మత్తు లేకుండా కుదరదు. తక్కువ మందు సరిపోతుందిలెండి, మీ పని వల్ల." అదైనా దక్కిందని నేను బాపుకు గట్టిగా చెప్పాను. బల్ల మీద కాగితం పెట్టగానే బాపు కళ్లు దాని మీదికే పోయాయి. నేను అడ్డంగా నిలబడి సంతకం పెట్టాను. ఆ రోజు ఈయన ఒక్కడే నిలబడి ఇట్లా సంతకం పెట్టి ఉంటాడని అప్పుడు తెలిసింది నాకు. ఆరేళ్లు పట్టింది తెలియడానికి.

సూది వేశాక బాపు బయటికి పోనన్నాడు. డాక్టరమ్మ ఉండనిమ్మంది. మెషిన్ పెట్టి చంకలు గొరిగి, ఎట్లాగూ మత్తులో ఉంది కదా అని పొట్టా, పక్కలూ కూడా తీసేసింది, బాపూ మామా రెండు రోజులు ఏకి ఏకి సాపు చేసిన బొచ్చంతా. బొచ్చు పోయాక చూస్తే బల్ల మీద పిల్లి సగమే మిగిలింది. గులాబీ రంగు పొట్ట, సన్నటి కాళ్లు, పైన పెద్ద తల. "గింతేనా?" అన్నాడు బాపు.

అరగంటలో కదులుతుందంది డాక్టరమ్మ. అరగంట అయింది. కదల్లేదు. బాపు స్టూలు లాక్కుని కూర్చుని దాని పొట్ట మీద చెయ్యి పెట్టాడు. ప్రతి రెండు నిమిషాలకూ నా వైపు తిరిగి, గుసగుస అనుకుని, "ఊపిరున్నదా?" అని అరిచేవాడు. బయట బెంచీ మీద మేకను పట్టుకుని కూర్చున్నాయన, లోపల ఏముందో చూడకుండానే, "ఉన్నది తాతా, ఉన్నది," అని జవాబు ఇచ్చేవాడు. నలభై నిమిషాలయింది. డాక్టరమ్మ వచ్చి కనురెప్ప ఎత్తి చూసి వెళ్లిపోయింది. అప్పుడు నేను కూడా ఊపిరి ఉందో లేదో చూడటానికి భయపడి, గోడ మీద గడియారం చూస్తూ నిలబడ్డాను.

పిల్లి ఒక కన్ను తెరిచింది. తర్వాత రెండోది. తల ఎత్తబోయి పడిపోయి, మళ్లీ ఎత్తింది. తన పొట్ట వైపు చూసుకుంది. అక్కడ బొచ్చు లేదు, ఎవరిదో చెయ్యి ఉంది. తొమ్మిదేళ్లలో గీరడమే తప్ప ఎవరినీ కరవని పిల్లి, ఆ చెయ్యిని పట్టుకుని, చూపుడు వేలిని గట్టిగా కరిచింది.

"లేసింది," అన్నాడు బాపు. "లేసింది బిడ్డ. సూడు, కరుస్తున్నది."

వేలి నుంచి రక్తం కారి బల్ల మీద పడుతోంది. డాక్టరమ్మ దూది పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. బాపు ఆమెను చూడలేదు.

"మీ అవ్వ గూడ గిట్ల లేసి నన్ను కరిస్తె ఎంత బాగుండు," అన్నాడు.

తన గొంతు ఎంత పెద్దదో ఆయనకు తెలియదు కదా. బయట మేకాయన కూడా మాట్లాడటం ఆపేశాడు. నాకు దుఃఖం ఆగలేదు, వెనక నుంచి బాపు భుజాలు పట్టుకుని ఏడ్చేశాను. పిల్లి ఆయన వేలు వదల్లేదు. ఆయన విడిపించుకోలేదు.